ఐసు తొట్టిలో కూర్చుంటే బీపీ మాత్ర మానేయవచ్చా?

ప్రశ్న: మాది ఖమ్మం. మా వారికి 53 ఏళ్ళు. ఆరేళ్ళుగా బీపీకి అమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటున్నారు. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి పంపిన వీడియోలు చూసి రెండు వారాలుగా ఐసు స్నానం మొదలుపెట్టారు. డాబా మీద పెద్ద ప్లాస్టిక్ తొట్టిలో 150 లీటర్ల దాకా నీళ్ళు నింపి, ఐసు ఫ్యాక్టరీ నుంచి తెప్పించిన 40 కిలోల ఐసు అందులో వేసి, మెడదాకా పది నిమిషాలు కూర్చుంటున్నారు. ఒళ్ళు తేలికైందని, మనసు రోజంతా హుషారుగా ఉంటోందని అంటున్నారు. నాలుగు రోజుల క్రితం బీపీ మాత్ర మానేశారు. నిన్న చూసుకుంటే 126/82 వచ్చింది. "చూశావా, మందు ఎవరికి కావాలి?" అని నన్నే అడుగుతున్నారు. నేను ఎనిమిది నెలలుగా డిప్రెషన్‌కు ఎస్సిటలోప్రామ్ వాడుతున్నాను. నన్నూ తొట్టిలో దిగమని, దిగితే ఆ మాత్ర అవసరమే ఉండదని పోరుతున్నారు. మా అత్తగారు 76 ఏళ్ళ వయసులో కూడా కార్తీక మాసమంతా తెల్లవారుజామునే చన్నీళ్ళతో తలస్నానం చేస్తారు, ఆవిడకు ఏమీ కానిది నాకేమవుతుందని ఆయన వాదన. చలి వల్ల నిజంగా అంత మేలుందా? ఆయనను ఎలా ఆపాలి?
– ఒక సోదరి, ఖమ్మం

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో ఐసు కన్నా నన్ను ఎక్కువ కంగారుపెట్టింది ఆ మానేసిన మాత్ర. ముందు దాని సంగతి చూద్దాం.

అమ్లోడిపిన్ ఒంట్లోంచి చాలా నిదానంగా బయటికి పోయే మందు. రక్తంలో ఉన్నదాంట్లో సగం తగ్గడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. ఏళ్ళ తరబడి రోజూ వేసుకున్న మనిషి ఒక్కసారిగా మానేసినా దాని పని వెంటనే ఆగదు, రోజురోజుకూ కొంచెం కొంచెంగా సన్నగిల్లుతుంది. కాబట్టి మానేసిన మూడు నాలుగు రోజులకు 126/82 వచ్చిందంటే ఆ ఘనత చాలావరకు మాత్రదే. దాన్ని ఐసు ఖాతాలో వేయకండి. అసలు లెక్క తేలేది వారం, పది రోజులు గడిచాక. అప్పటికి మీ వారు బీపీ చూసుకోవడమే మానేసి ఉంటారని నా అనుమానం. నచ్చిన అంకె ఒకసారి కనిపించాక మళ్ళీ మిషను బయటికి తీసేవాళ్ళు తక్కువ.

ఇంకో మెలిక ఉంది. ఆయన బీపీ ఎప్పుడు చూసుకున్నారు? తొట్టిలోంచి లేచిన అరగంటకో గంటకో అయితే ఆ అంకెను నమ్మడానికి లేదు. చన్నీళ్ళలో మెడదాకా కూర్చున్నప్పుడు చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని, రక్తం గుండె, ఊపిరితిత్తుల వైపు చేరుతుంది. ఒంట్లో నీరు ఎక్కువైందని శరీరం పొరబడి, మూత్రపిండాల చేత దాన్ని బయటికి పంపిస్తుంది. ఐసు స్నానం చేసినవాళ్ళు లేచీలేవగానే మూత్రానికి వెళ్ళేది అందుకే. ఆ తర్వాత ఒళ్ళు వేడెక్కి నాళాలు మళ్ళీ తెరుచుకునేసరికి బీపీ కాసేపు కిందికి దిగవచ్చు. మిగతా ఇరవై మూడు గంటల గురించి ఆ అంకె ఏమీ చెప్పదు.

ఈ రోజే మీ డాక్టరుకు ఫోను చేసి మాత్ర మళ్ళీ మొదలుపెట్టించండి. ఆ తర్వాత ఏడు రోజుల పాటు ఉదయం లేచి మూత్రానికి వెళ్ళివచ్చాక, కాఫీకీ స్నానానికీ మాత్రకూ ముందు, కుర్చీలో వీపు ఆనించి అయిదు నిమిషాలు కదలకుండా కూర్చుని రెండుసార్లు చూసుకోమనండి. రాత్రి పడుకోబోయే ముందు మరో రెండుసార్లు. అంకెలన్నీ, నచ్చనివి కూడా, కాగితం మీద రాయాలి. మోతాదు తగ్గించవచ్చా లేదా అన్నది ఆ కాగితం చూసి డాక్టరు తేలుస్తారు. బరువు తగ్గి, ఉప్పు తగ్గించి, నడక పెంచినవాళ్ళకు మందు తగ్గించడం మామూలుగా జరిగేదే. ఐసు స్నానం చేస్తే మందు మానవచ్చని చెప్పే వైద్య మార్గదర్శకం మాత్రం ఏదీ లేదు.

ఇక ఐసు. మీరు లీటర్లు, కిలోలు రాసి మంచి పని చేశారు, లెక్క కట్టడానికి వీలైంది. నీళ్ళు 28 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. 150 లీటర్లలో 40 కిలోల ఐసు పూర్తిగా కరిగితే ఆ తొట్టి 5 డిగ్రీల దగ్గరికి వస్తుంది. ఇళ్ళలో ఫ్రిజ్ లోపల ఉండే చలి దాదాపు అంతే. అందులో మెడదాకా పది నిమిషాలు! చలి మీద ప్రయోగాలు చేసిన శాస్త్రవేత్తలు చాలావరకు 10 నుంచి 15 డిగ్రీల నీళ్ళతో సరిపెట్టుకున్నారు, అదీ ఆరోగ్యంగా ఉన్న యువకుల మీద, పక్కన గుండె వేగాన్ని చూసే పరికరాలు పెట్టుకుని. మీ వారు ధర్మామీటరు కూడా లేకుండా వాళ్ళకన్నా ముందుకు వెళ్ళిపోయారు. అదే 150 లీటర్లను 20 డిగ్రీలకు తేవడానికి 12 కిలోల ఐసు చాలు. 15 డిగ్రీలకు తేవడానికి 20 కిలోలు సరిపోతుంది.

చన్నీళ్ళలో దిగిన తొలి నిమిషంలో ఏం జరుగుతుందో ఆయనకు చదివి వినిపించండి. చర్మం ఒక్కసారిగా చల్లబడగానే మనిషి ప్రమేయం లేకుండా పెద్ద ఊపిరి గబుక్కున లోపలికి పోతుంది. ఆ వెంటనే ఎగశ్వాస మొదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, బీపీ ఎగబాకుతుంది. దీన్ని చలి షాకు అంటారు. ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయంలో మైక్ టిప్టన్ అనే శాస్త్రవేత్త దశాబ్దాలుగా దీని మీదే పని చేస్తున్నారు. నీరు 25 డిగ్రీల కన్నా తగ్గినప్పటి నుంచి ఈ షాకు కనిపించడం మొదలై, 10–15 డిగ్రీల మధ్యకు వచ్చేసరికి శిఖరానికి చేరుతుందని తేలింది. మొదటి అర నిమిషంలో అది తారస్థాయిలో ఉండి, రెండు మూడు నిమిషాల్లో సద్దుమణుగుతుంది. చల్లటి నదుల్లో, సముద్రాల్లో పడిపోయినవాళ్ళలో చాలామంది ఒళ్ళు గడ్డకట్టి చనిపోరు. ఈ తొలి నిమిషాల్లోనే నీళ్ళు మింగి, లేదా గుండె లయ తప్పి చనిపోతారు.

లయ తప్పడం ఎందుకంటే, చర్మానికి తగిలిన చలి గుండెను పరుగెత్తమంటుంది. ముఖం తడిసి ఊపిరి బిగపడితే మరో నాడీ వ్యవస్థ అదే గుండెను నెమ్మదించమంటుంది. రెండు ఆజ్ఞలూ ఒకేసారి అందినప్పుడు గుండె తడబడుతుంది. ఆరోగ్యవంతులైన కుర్రవాళ్ళలో ఆ తడబాటు సాధారణంగా దానంతటదే సర్దుకుంటుంది. ఏళ్ళుగా బీపీ ఉన్నవాళ్ళలో గుండె గోడ మందమై ఉండవచ్చు, గుండెకు రక్తం అందించే నాళాల్లో ఎవరూ చూడని అడ్డంకి ఉండవచ్చు. అక్కడ ఆ తడబాటు ప్రాణం మీదికి తేవచ్చు.

ఒక విడ్డూరం చెబుతాను. 1930ల నుంచి వైద్యులు వాడుతున్న ఒక పరీక్ష ఉంది. మనిషి చెయ్యిని ఐసునీళ్ళలో ఒక నిమిషం పెట్టించి, బీపీ ఎంత పెరుగుతుందో చూస్తారు. ఒక్క చెయ్యి ముంచితేనే బీపీ పెరుగుతుందన్నది ఆ పరీక్షకు ఆధారం. మీ వారు బీపీ తగ్గించుకోవడానికి ఒళ్ళంతా ముంచుతున్నారు.

మీ అత్తగారి విషయంలో ఆయన వాదన చూడటానికి బలంగానే ఉంది. కానీ ఆవిడ చేసే స్నానమూ, ఈయన చేసే స్నానమూ ఒక జాతివి కావు. బావి నీళ్ళు, బోరు నీళ్ళు భూమి లోపల ఏడాది పొడవునా దాదాపు ఒకే వేడి మీద ఉంటాయి. ఆ వేడి ఆ ఊరి ఏడాది సగటు ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటుంది. మన మైదాన ప్రాంతాల్లో అది 27, 28 డిగ్రీలు. కార్తీకంలో తెల్లవారుజామున బోరు వేయగానే వచ్చే నీళ్ళు గోరువెచ్చగా తగలడం అందరికీ అనుభవమే. రాత్రంతా డాబా మీది ట్యాంకులో ఉన్న నీళ్ళయినా నవంబరులో 20 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటాయి. ఆవిడ చెంబుతో పోసుకుంటారు, రెండు మూడు నిమిషాల్లో ముగించి తుడుచుకుంటారు, పైగా అరవై ఏళ్ళ అలవాటు. ఆ అలవాటుకు శాస్త్రంలోనూ విలువ ఉంది. అయిదారుసార్లు చన్నీళ్ళలో దిగిన మనిషికి చలి షాకు దాదాపు సగానికి తగ్గుతుందని, ఆ సడలింపు నెలల తరబడి నిలుస్తుందని టిప్టన్ బృందమే చూపించింది. మీ వారికి ఇప్పుడు హాయిగా అనిపించడంలో దీని పాత్ర కూడా ఉంది. రెండు వారాల్లో ఒంటికి అలవాటైంది. అలవాటైంది కాబట్టి ప్రమాదం పోయిందని మాత్రం అనుకోవద్దు. ఊపిరి ఎగరడం తగ్గినా నాళాలు ముడుచుకోవడం, బీపీ పెరగడం ఉంటూనే ఉంటాయి.

అత్తగారికి కూడా ఒక మాట. 76 ఏళ్ళు, తెల్లవారుజాము, చలి: గుండెపోట్లు ఎక్కువగా వచ్చే వేళ, కాలం రెండూ అక్కడే కలుస్తున్నాయి. నీళ్ళు కాస్త వెచ్చబెట్టుకుంటే వైద్యుడిగా నేను సంతోషిస్తాను. పుణ్యం లెక్క పురోహితులకు వదిలేస్తాను.

చలి స్నానానికి పేరు మోసిన ఫిన్లాండ్‌లో గడ్డకట్టిన చెరువు మీద రంధ్రం తవ్వి అందులో మునుగుతారు. ఆ రంధ్రాన్ని 'అవాంటో' అంటారు. వీడియోల్లో కనిపించేది ఆ మునక ఒక్కటే. వాళ్ళలో చాలామంది శరదృతువులోనే చెరువులో దిగడం మొదలుపెట్టి, నీరు వారం వారం చల్లబడుతుంటే ఒంటిని కూడా దానితోపాటు అలవాటు చేస్తారు. మునిగేది కొద్ది క్షణాలు, మహా అయితే ఒకటి రెండు నిమిషాలు. పక్కనే వేడి ఆవిరి గది ఉంటుంది, నలుగురు స్నేహితులు ఉంటారు. ఖమ్మం ఎండల్లో 53 ఏళ్ళు గడిపి, ఒకనాటి ఉదయం ఒంటరిగా 5 డిగ్రీల తొట్టిలో కూర్చోవడానికీ దానికీ పోలిక లేదు.

మరి చలి వల్ల మేలే లేదా? ఉంది, కొంత. ఆ కొంత ఎంతో చూద్దాం.

అన్నిటికన్నా పెద్ద అధ్యయనం నెదర్లాండ్స్‌లో జరిగి 2016లో వెలువడింది. 18 నుంచి 65 ఏళ్ళ మధ్య వయసున్న 3,018 మందిని తీసుకున్నారు. కొందరిని మామూలు వేడినీళ్ళ స్నానం చివర 30 సెకన్లు, మరికొందరిని 60, ఇంకొందరిని 90 సెకన్లు చన్నీళ్ళ కింద నిలబడమన్నారు. ఇలా నెల రోజులు. చన్నీళ్ళ వాళ్ళు జబ్బు పేరుతో ఉద్యోగానికి పెట్టిన సెలవులు 29 శాతం తగ్గాయి. అయితే జబ్బుపడిన రోజులు మాత్రం తగ్గలేదు! జలుబు అందరికీ ఒకేలా వచ్చింది, వీళ్ళు ఆ జలుబుతోనే ఆఫీసుకు వెళ్ళారు. దీన్ని రోగనిరోధక శక్తి అనాలో, పట్టుదల అనాలో మీరే తేల్చుకోండి. నా ఓటు పట్టుదలకు. ఇంకో సంగతి, 30 సెకన్ల వాళ్ళకూ 90 సెకన్ల వాళ్ళకూ తేడా లేదు. అంటే వచ్చే మేలేదో అర నిమిషంలోనే వచ్చింది. పది నిమిషాలు కూర్చుంటే ఇరవై రెట్లు మేలు వస్తుందన్న లెక్క ఎక్కడా లేదు.

2025లో దక్షిణ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయం వాళ్ళు ఇలాంటి అధ్యయనాలు పదకొండింటిని కలిపి చూశారు. మొత్తం 3,177 మంది. వాళ్ళలో మూడు వేల మందికి పైగా ఆ ఒక్క నెదర్లాండ్స్ అధ్యయనంలోని వాళ్ళే. మిగతావి ఎంత చిన్నవో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. ఒత్తిడి తగ్గడం స్నానం చేసిన 12 గంటల తర్వాత కనిపించింది, వెంటనే కాదు. మనోస్థితి మెరుగుపడినట్టు గట్టి ఆధారం దొరకలేదు. శరీరంలో వాపుకు సంబంధించిన సూచికలు స్నానం అయిన వెంటనే, గంట తర్వాత, తగ్గడానికి బదులు పెరిగాయి. 'ఐసు వాపును హరిస్తుంది' అని వీడియోల్లో వినిపించేదానికి ఇది సరిగ్గా ఎదురు.

డోపమైన్ మాట మీ అబ్బాయి తప్పకుండా చెప్పి ఉంటాడు. చన్నీళ్ళు డోపమైన్‌ను 250 శాతం పెంచుతాయన్న అంకె వీడియోలన్నిటిలో తిరుగుతుంటుంది. అది 2000 సంవత్సరంలో చెక్ శాస్త్రవేత్తలు ప్రచురించిన అధ్యయనం లోనిది. అంకె నిజమే. నోరెడ్రినలిన్ అనే హార్మోను 530 శాతం పెరిగిందని కూడా అందులో ఉంది. కానీ అక్కడ కొద్దిమంది యువకులు 14 డిగ్రీల నీళ్ళలో గంట సేపు కూర్చున్నారు. కొలిచింది రక్తంలోని డోపమైన్‌ను. రక్తంలో ఉన్న డోపమైన్ మెదడులోకి పోలేదు, మధ్యలో దాన్ని ఆపే గోడ ఉంటుంది. కాబట్టి ఆ అంకెను మనసు హాయికి కొలమానంగా చూపించడం సరికాదు.

అయినా మీ వారి హుషారు అబద్ధం అని నేను అనను. ఒళ్ళు ప్రమాదఘంటిక మోగించింది, నోరెడ్రినలిన్ ఎగజిమ్మింది, ప్రమాదం దాటింది. ఆ తర్వాత మెలకువ, తేలికదనం కలగడం సహజం. దానికి తోడు పొద్దున్నే లేచి, భయపడే పనిని కావాలని చేసి, చేసేశానన్న తృప్తి. యాభై దాటిన మగవాళ్ళకు ఆ తృప్తి దొరికే చోట్లు తక్కువ. అందుకే ఆయనను వెక్కిరించవద్దు, తొట్టి పారేయమనీ అనవద్దు. మాత్ర విషయంలో గట్టిగా నిలబడండి, చలి విషయంలో బేరం ఆడండి.

నీటితో సర్వరోగాలూ కుదురుతాయన్న ఉత్సాహం తెలుగువాళ్ళకు కొత్తది కూడా కాదు. జర్మనీలోని లైప్‌జిగ్‌లో లూయీ కూనే అనే ఆయన చల్లటి తొట్టి స్నానాలతో చికిత్స చేసేవాడు. ఆయన పుస్తకాన్ని ద్రోణంరాజు వెంకటచలపతి శర్మ 1894లోనే తెలుగులోకి తెచ్చారు. మన దేశంలో ప్రకృతి చికిత్స ఊపందుకోవడానికి అదొక మెట్టు. గాంధీజీ కూడా ఆ తొట్టి స్నానాలను నమ్మి, తన మీద, ఇంట్లోవాళ్ళ మీద ప్రయోగించారు. రోగాలన్నిటికీ మూలం ఒక్కటేనని కూనే సిద్ధాంతం, కాబట్టి మందూ ఒక్కటే. ఆ సిద్ధాంతం వైద్యంలో నిలబడలేదు. ఇప్పుడు అదే మాట ఐసు రూపంలో, ఇంగ్లీషులో వెనక్కి వచ్చింది.

పొట్ట తగ్గుతుందని కూడా కొందరు దిగుతారు. ఒంట్లో వేడి పుట్టించడానికి కొవ్వును కరిగించే గోధుమరంగు కొవ్వు పెద్దవాళ్ళలో కూడా ఉంటుందని 2009లో రూఢి అయింది. 2015లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో ఎనిమిదిమంది మధుమేహ రోగులను పది రోజుల పాటు రోజుకు కొన్ని గంటలు 14–15 డిగ్రీల గదిలో ఉంచితే, ఇన్సులిన్ పనితీరు 43 శాతం దాకా మెరుగైంది. ఆసక్తికరమైన విషయమే. కానీ అది చల్లటి గాలి, ఎనిమిదిమంది మనుషులు, పది రోజులు. బరువు తగ్గే మార్గంగా దాన్ని ఎవరూ నిరూపించలేదు. వణికి వచ్చినవాడికి ఆకలి కూడా బాగానే వేస్తుంది.

ఇప్పుడు మీ గురించి. ఉత్తరంలో మీ సంగతి ఒక్క వాక్యంలో రాసి దాటేశారు, నాకు మాత్రం అదే ముఖ్యంగా కనిపిస్తోంది.

ఎస్సిటలోప్రామ్‌ను హఠాత్తుగా మానకండి. మానితే చాలామందికి తలతిరుగుడు, చిరాకు, నిద్ర చెదరడం, తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం వస్తాయి. వాటిని చూసి జబ్బు తిరగబెట్టిందని భయపడతారు. కొన్నిసార్లు నిజంగానే తిరగబెడుతుంది. బాగా కోలుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు మందు కొనసాగించి, అప్పుడు నెమ్మదిగా తగ్గించుకుంటూ రావడం పద్ధతి. ఎప్పుడు, ఎంత తగ్గించాలో మీ మానసిక వైద్యుడే చెప్పాలి.

చన్నీళ్ళు డిప్రెషన్‌ను తగ్గిస్తాయన్నదానికి ఉన్న ఆధారం ఎంతంటే, 2008లో ఒక శాస్త్రవేత్త అలా జరగవచ్చని ఒక ఊహను ప్రచురించారు. 2018లో బ్రిటన్ వైద్యులు ఒక యువతి గురించి రాశారు. 24 ఏళ్ళ ఆ అమ్మాయి వారం వారం చల్లటి చెరువుల్లో ఈదడం మొదలుపెట్టి, వైద్యుల కనుసన్నల్లో మందులు తగ్గించుకుంటూ చివరికి మానగలిగింది. మంచి కథే, కానీ అది ఒక్క మనిషి కథ. ఆమె చేసింది ఈత, ఆరుబయట, తోడు మనుషులతో. వీటిలో ఏది ఎంత పని చేసిందో విడదీయలేం. వ్యాయామం డిప్రెషన్‌ను తగ్గిస్తుందనడానికి మాత్రం వందల మంది మీద జరిగిన అధ్యయనాలు అనేకం ఉన్నాయి. తొట్టిలో దిగే పది నిమిషాలు మీ దగ్గర ఉంటే, వాటికి మరో ఇరవై కలిపి ఉదయపు ఎండలో ఎవరితోనైనా కలిసి నడవండి.

చలిని పూర్తిగా వదులుకోనక్కర్లేదు. మీకు బీపీ, గుండె జబ్బు లేకపోతే మామూలు స్నానం చివర ఒక అర నిమిషం ట్యాంకు నీళ్ళు పోసుకోండి. ముందు పాదాలు, తర్వాత మోకాళ్ళు, చేతులు, ఆ పైన భుజాలు. ఊపిరి బిగపట్టకుండా నిదానంగా బయటికి వదులుతూ ఉండండి. బాగుందనిపిస్తే కొనసాగించండి, లేకపోతే మానేయండి, నష్టమేమీ లేదు. ఆందోళన ఉప్పెనలా ముంచుకొచ్చే క్షణాల్లో మరో ఉపాయం ఉంది. గిన్నెలో చల్లటి నీళ్ళు పోసి ముఖాన్ని కొన్ని సెకన్లు అందులో ఉంచడం, లేదా తడిపిన చల్లటి గుడ్డను కళ్ళ మీద, బుగ్గల మీద అదిమి పట్టడం. దీనితో గుండె వేగం తగ్గుతుంది. తీవ్రమైన భావోద్వేగాలతో సతమతమయ్యేవాళ్ళకు ఒక మానసిక చికిత్సా పద్ధతిలో దీన్ని నేర్పుతారు కూడా. గుండె సమస్య ఉన్నవాళ్ళు మాత్రం దీన్ని డాక్టరును అడిగే చేయాలి. మీ వారు మిమ్మల్ని మళ్ళీ తొట్టిలోకి పిలిస్తే, 'నా మందు నా డాక్టరుకూ నాకూ మధ్య విషయం' అని ఒక్క మాట చెప్పి ఊరుకోండి. వాదించి గెలవాల్సిన అవసరం మీకు లేదు.

ఆయనతో ఆడే బేరం ఇది. మాత్ర మళ్ళీ మొదలవ్వాలి. ఒక ఈసీజీ, డాక్టరు అవసరమంటే గుండె స్కానింగు కూడా చేయించుకోవాలి. వారం రోజుల కాగితంలో బీపీ అదుపులో ఉండి, డాక్టరు సరేనన్నాకే తొట్టి. అప్పుడు కూడా ఐసు లేకుండా ట్యాంకు నీళ్ళతో, రెండు నిమిషాలు. తర్వాతి వారాల్లో కావాలంటే ధర్మామీటరు పెట్టి 20 డిగ్రీల దాకా తేవచ్చు. 15 కన్నా కిందికి ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. దిగేటప్పుడు నడుము దాకా ఒక నిమిషం కూర్చుని, ఊపిరి కుదుటపడ్డాకే ఛాతీ దాకా జారాలి. తల ముంచవద్దు. ఇంట్లో ఒకరు పక్కన ఉండాలి. ఒంటరిగా డాబా మీదికి వెళ్ళి తలుపు గడియ పెట్టుకోవడం ససేమిరా కుదరదు. లేచేటప్పుడు నెమ్మదిగా, ఏదైనా పట్టుకుని లేవాలి, ఎందుకంటే నీటి ఒత్తిడి ఒక్కసారిగా పోయేసరికి కళ్ళు తిరుగుతాయి, డాబా తడిగా ఉంటుంది. బయటికొచ్చాక కూడా పది ఇరవై నిమిషాలు ఒంటి లోపలి వేడి తగ్గుతూనే పోతుంది. ఆ వణుకు చూసి మరిగే నీళ్ళు గుమ్మరించుకోవద్దు, స్పృహ తప్పవచ్చు. తుడుచుకుని, పొడి బట్టలు కట్టుకుని, వేడి టీ తాగితే చాలు. ముందు రాత్రి మద్యం తాగితే ఆ ఉదయం తొట్టి లేదు. ఐసు ఫ్యాక్టరీ ఐసు మంచినీళ్ళతో చేసిందే అయి ఉండాలని లేదు కాబట్టి ఒంటి మీద పుండ్లు, గాట్లు ఉన్నప్పుడు కూడా వద్దు.

ఇది చదివి తొట్టి కొనబోయే మిగతా పాఠకులకు కూడా రెండు ముక్కలు. గుండె జబ్బు, గతంలో పక్షవాతం, ఉబ్బసం ఉన్నవాళ్ళు, చలికి వేళ్ళు తెల్లబడి తిమ్మిరెక్కేవాళ్ళు, చన్నీళ్ళు తగిలితే దద్దుర్లు లేచేవాళ్ళు, పాదాల్లో స్పర్శ తగ్గిన మధుమేహ రోగులు, గర్భిణులు దీని జోలికి పోవద్దు. మన్యం ప్రాంతాల్లో సికిల్‌సెల్ రక్తహీనత ఉన్న కుటుంబాలు మరీ జాగ్రత్తగా ఉండాలి, చలి తగిలితేనే వాళ్ళకు భరించలేని నొప్పులు మొదలవుతాయి.

మీ అబ్బాయికి రెండు విషయాలు చెప్పండి. తను జిమ్‌లో బరువులెత్తి వెంటనే ఐసులో దిగుతుంటే, కష్టం కొంత వృథా అవుతోంది. ఆస్ట్రేలియాలో 12 వారాల పాటు చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, వ్యాయామం తర్వాత ప్రతిసారీ 10 డిగ్రీల నీళ్ళలో పది నిమిషాలు కూర్చున్నవాళ్ళకు మిగతావాళ్ళకన్నా కండ తక్కువ పెరిగింది, బలమూ తక్కువే పెరిగింది. మర్నాటి ఒళ్ళు నొప్పులు కొంత తగ్గుతాయన్నది నిజమే, ఆటగాళ్ళు వరుస మ్యాచ్‌ల మధ్య వాడేది అందుకే. రెండోది ప్రాణాలతో చెలగాటం. విమ్ హాఫ్ అనే డచ్చాయన ప్రచారంలోకి తెచ్చిన ఎగశ్వాస సాధనను కొందరు నీళ్ళలో ఉండగా చేస్తున్నారు. గబగబా ఊపిరి తీసి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. ఊపిరి కావాలని మెదడుకు చెప్పేది ఆ వాయువే. అది లేనప్పుడు ఊపిరి బిగపట్టిన మనిషికి ఉక్కిరిబిక్కిరి అనిపించకుండానే స్పృహ పోతుంది. నీళ్ళలో స్పృహ పోతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఆ సాధన చేయాలంటే చాప మీద పడుకుని చేయమనండి.

తొట్టిలో ఉండగా గాని, లేచాక గాని మీ వారికి ఛాతీలో బిగువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, గుండె లయ తప్పడం, మాట తడబడటం, మామూలుగా లేని ఆయాసం కనిపిస్తే కాసేపు చూద్దామని ఆగవద్దు. పొడి దుప్పటి కప్పి కూర్చోబెట్టి వెంటనే 108కి ఫోను చేయండి. ఐసు స్నానం చేశారని, బీపీ మాత్ర మానేశారని, ఎప్పుడు మానేశారో కూడా అంబులెన్సులో వచ్చినవాళ్ళకు మొదటే చెప్పండి.